టైప్-సి ముహూర్తం

ఉరవకొండ రోడ్డులో ప్రతాప్ స్కూటర్‌ను వెనకనుంచి ఒక లారీ గుద్దింది. గుద్దిన లారీ ముందుకు పోయి, ఆగి, రివర్స్‌లో వెనక్కి వచ్చింది. క్లీనర్ దిగి రోడ్డు మీద పడిన ప్రతాప్ బ్యాగు తీసుకుని ఎక్కాడు. లారీ మళ్లీ పోయింది. ప్రమాదం చేసినవాడు బ్యాగు కోసం వెనక్కి రాడు కాబట్టి అది హత్య. స్టేషన్లో మాత్రం ప్రమాదమనే రాసుకున్నారు.

చనిపోవడానికి ముందురోజు ప్రతాప్ ఒక నంబరుకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ అనంతపురం టవర్ క్లాక్ దగ్గర, పంప్‌సెట్లు రిపేరు చేసే షాపు పైగదిలో మోగుతుంది. ఆ గదిలో కూర్చునే నరసింహులు కింద షాపువాళ్ల లెక్కలో ఇన్సూరెన్సు ఏజెంటు. ఢిల్లీ లెక్కలో కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగానికి సీమ చీఫ్.

"కూర్చో కుళ్లాయప్పా," అన్నాడు నరసింహులు.

కుళ్లాయప్ప కూర్చోలేదు. కూర్చోవడం అతనికి చేతకాని పని. కిటికీ దగ్గరికి పోయాడు, తలుపు దగ్గరికి వచ్చాడు, టేబుల్ మీది పేపర్‌వెయిట్ తిప్పాడు. వయసు ముప్పై రెండు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. పదకొండు మిషన్లు చేసినవాడు. ఇంట్లో మాత్రం పాత కంప్యూటర్ సామాన్లు కొని అమ్మే తిరుగుబోతు.

"గొల్లలమిట్ట పంప్‌హౌస్ తెలుసు గదా?"

"నా చెల్లెలు సరళ ఆడ ఆపరేటర్ సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచినా."

అప్పటిదాకా తిరుగుతున్న పేపర్‌వెయిట్ ఆగింది.

బ్రీఫింగ్ పొట్టిగా జరిగింది. విడపనకల్లు దాటాక గొల్లలమిట్ట. అక్కడి రిజర్వాయర్ నుంచి నీళ్లు తోడి గుట్ట మీదికి ఎక్కించి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తాగడానికి పంపే పంప్‌హౌస్ అది. ఈ ఏడు వాన మొహం చాటేసింది. బోర్లు ఎండాయి. ఇప్పుడు ఆ ఊళ్లకు గొంతు తడిపేది ఆ ఒక్క పైపే.

ఆ పైపుకున్న పెద్ద వాల్వును ఇన్నేళ్లూ ఒక బూడిదరంగు ప్యానెల్ నడిపింది. దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్. కేబుల్ గుచ్చి, అటూ ఇటూ రెండు స్క్రూలు బిగిస్తే గానీ పని చేయదు. తలకిందులుగా పెడితే దిగదు. దానికి కీడు చేయాలంటే శత్రువు ఆ ముసలి కేబుల్ పట్టుకుని గొల్లలమిట్ట దాకా వచ్చి, నడుం వంచి, స్క్రూడ్రైవర్ తిప్పాలి. ఏ దేశం గూఢచారికీ అంత ఓపిక లేదు.

ఇప్పుడు ఆ ప్యానెల్ తీసేసి కొత్త కన్సోల్ పెడుతున్నారు. కరెంటు, డేటా, స్క్రీన్, అన్నీ ఒకే చిన్న కోలరంధ్రంలోంచి. టైప్-సి. ఎటు తిప్పి పెట్టినా దిగుతుంది. ఇంటికి ఒకటే తలుపు ఉంటే చుట్టానికీ అదే, దొంగకూ అదే. కన్సోల్‌తో పాటు వచ్చిన కేబుల్ మూతిలో ఉండకూడని చిప్ ఒకటి ఉందని కన్సోల్ బిగించే టెక్నీషియన్ ప్రతాప్ కనిపెట్టాడు. అదే ఫోన్లో చెప్పాడు. శాంపిల్ తెస్తూ దారిలో చచ్చిపోయాడు.

"గుచ్చితే ఏమైతాది సార్?"

"మోటార్లన్నీ తిరుగుతాండగా పెద్ద వాల్వు ఒక్క దెబ్బకు మూసుకుంటాది. పైకి పోయే నీళ్లు వెనక్కి తన్నుతాయి. పైపు పగుల్తాది. పంప్‌హౌస్ ఉండేది గుంతలో. ఆ గుంతలో ఉన్నోళ్లు పైకి రారు."

గుంతలో ఉండేది ఎవరో ఇద్దరికీ తెలుసు. స్విచ్ ఆన్ చేసేటప్పుడు వాల్వు పక్కన నిలబడి ప్రెషర్ గేజ్ చూడాల్సింది ఆపరేటర్ సరళ.

ఇది ట్రయల్ అన్నాడు చీఫ్. ఇక్కడ పని చేస్తే ఆ కేబుల్ దేశంలోని ప్రతి పంప్‌హౌస్‌కూ పోతుంది. వెనకున్నది ఒక విదేశీ ముఠా. దాని మనిషి స్టెఫాన్, కన్సోల్ కంపెనీకి కన్సల్టెంట్. పుట్టపర్తి, కొత్తచెరువు వైపు చాన్నాళ్లు తెల్లబట్టల్లో తిరిగి తెలుగు నేర్చాడు. ఆ వైపు తెల్లబట్టల్లో ఉన్న తెల్లవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు గదా.

మరి కొత్త కన్సోల్ మొదలుపెట్టే ఫంక్షనే ఆపేస్తే పోదా? చీఫ్ అడిగాడట. చచ్చినవాడి ఫోన్ కాల్ మీద ఆపలేమని, ప్రాజెక్టు కమిటీ ఛైర్మన్ బయ్యన్న ఆహ్వానాలు పంచేశాడని, ముహూర్తం కూడా పెట్టించేశాడని పైనుంచి జవాబు. ముహూర్తం ఆయుధపూజ నాడు, బుధవారం, పన్నెండు లోపల. పన్నెండు కొడితే రాహుకాలం.

"నీ పని కేబుల్ మార్చేది. చూసేదానికి ఒకటే మాదిరి ఉంటాది, ఇదిగో మంచిది. స్టెఫాన్‌కు అనుమానం రాకూడదు. వస్తే ముఠా మొత్తం మాయమైపోతాది. లోపల మన మనిషి ఒకామె ఉంది, లహరి. స్టెఫాన్‌కు అసిస్టెంట్. మనకూ పని చేస్తాది, వాళ్లకూ చేస్తాది."

"ఎవరికి ఎక్కువ సార్?"

"అది తెలిస్తే నీకు చెప్పనా?"

కోడ్ వర్డ్ ఢిల్లీలో తయారైంది. 'వేరుశనగ ఊడలు దిగినాయా?' అని ఒకరు అడగాలి. 'వాన పడితే గదా దిగేది' అని రెండోవారు చెప్పాలి. కాయ పట్టాలంటే ఊడలు తడిమట్టిలోకి దిగాలి గదా. గ్యాడ్జెట్ కూడా ఢిల్లీదే, అగ్గిపెట్టెంత సిగ్నల్ జామర్. ఒక గదిలోని మెషీన్లన్నిటినీ కాసేపు మూగబోయేట్టు చేస్తుందట. చేస్తుందేమో గానీ దానిలో చార్జింగ్ లేదు. చార్జింగ్ పోర్ట్ పాతకాలం మైక్రో యూఎస్‌బీ.

ఆ సాయంత్రం కుళ్లాయప్ప సెల్ షాపులన్నీ తిరిగాడు. ఆ సన్నపిన్ను ఇప్పుడు ఎవరు వాడతారు అన్నాడు ఒకడు. అందరూ టైప్-సికి మారిపోయినారన్నా, నువ్వింకా యాడున్నావని నవ్వాడు ఇంకొకడు. తన దగ్గర పాత కేబుళ్లు బస్తాలకు బస్తాలు ఉండేవి. పోయిన వారమే రాగికి కరిగించడానికి అమ్మేశాడు. శత్రువు కొత్త పోర్ట్‌లోంచి వస్తుంటే మన డిపార్ట్‌మెంటు పాత పోర్ట్ పట్టుకుని బజారులో నిలబడింది. తిట్టుకుంటూ జామర్‌ను జేబులో పడేశాడు.

మరునాడు ఎండ పొద్దున్నుంచే చిటపటలాడింది. గొల్లలమిట్ట గేటు దగ్గర మామిడాకులు, షామియానా, పోలీసులు. అందరి ఫోన్లూ తీసి బుట్టలో వేస్తున్నారు. కుళ్లాయప్పను పాత ప్యానెల్, పాత కేబుళ్లు కొనడానికి వచ్చినవాడని లోపలికి వదిలారు. సరళ ఎదురుపడింది. కొత్త చీర, జడలో కనకాంబరాలు. పంప్‌హౌస్‌కు మొదటి ఆడ ఆపరేటరని బయ్యన్న ఈరోజు సన్మానం చేయబోతున్నాడు.

"ఏమన్నా, పండగ పూట గూడా పాత సామాన్లేనా? ఈ పొద్దన్నా నా మానం తీయాకు," అంది. అని కిందికి దిగిపోయింది. హాలు మధ్యలో నేలకు ఇనుప జాలీ ఉంది. దాని కిందే గుంత. జాలీలోంచి చెల్లెలి జడ కనిపిస్తూనే ఉంది.  కుళ్లాయప్పకు చెల్లెల్ని చెయ్యి పట్టి బయటికి లాక్కుపోవాలని ఉంది. పోతే కారణం చెప్పాలి. నోరు కట్టేసుకుని అటూ ఇటూ తిరిగాడు.

లహరి ఎవరో గుర్తుపట్టాలి. పక్కనున్న పెద్దామెను, ఊడలు దిగినాయామ్మా అని మెల్లగా అడిగాడు. వాన పడితే గదా నాయనా దిగేది అంది ఆమె. అదిరిపడ్డాడు. ఎదురుగా కండువా వేసుకున్న రైతు తనంతట తానే ఊడలు దిగినాయా అని పలకరించాడు. ఇంకో ఇద్దరు వాన పడితే గదా అని తలలూపారు. కరువేడాది అనంతపురంలో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఉండదన్న సంగతి ఢిల్లీవాళ్లకు తట్టలేదు. ఐదు నిమిషాల్లో కుళ్లాయప్పకు నలుగురు సీక్రెట్ ఏజెంట్లు తేలారు.

ఐదోది లహరి. నెమలిపింఛం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, నడిచి వస్తుంటే పోలీసులు కూడా దారి ఇచ్చారు. కొత్తచెరువు పెద్దింటి పిల్ల, బెంగళూరు చదువు. అతని పక్కన ఆగి కళ్లద్దాలు తీసింది.

"ఊడలు దిగినాయా?"

"వాన పడితే గదా దిగేది."

"పూజపీట మీద ఎడమపక్క. నేను స్టెఫాన్‌ను బయటికి పిలుస్తా. తొందరగా కానీ."

అన్నట్టే స్టెఫాన్‌ను ఏదో అడిగి గుమ్మం దాకా తీసుకుపోయింది. కుళ్లాయప్ప అందరిలాగే పీట ముందు వంగి దండం పెట్టాడు. స్పానర్లు, టెస్టర్లు, మీటర్ల మధ్య చుట్టగా పెట్టిన టైప్-సి కేబుల్. లేచేసరికి చొక్కాలోది పీట మీదికి, పీట మీదిది చొక్కాలోకి మారాయి. అటెండర్ మారెక్క వచ్చి పీట మీద ఉన్నవాటన్నిటికీ గంధం, కుంకుమ పెట్టిపోయింది. మిషన్ సక్సెస్. కుళ్లాయప్ప ఆ రోజు మొదటిసారి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

హారతి అయింది. ఇంజనీర్ వీరేష్ పాత ప్యానెల్ వెనక స్క్రూలు విప్పి, తొమ్మిది పిన్నుల కేబుల్ పీకి పక్కన పడేశాడు. ఇప్పుడు వాల్వు ఎవరి మాటా వినని స్థితిలో, ఉన్నచోట ఉంది. మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. తాగే నీళ్లు గనక వాటిని ఆపకుండా బొట్టు పెట్టి వదిలేశారు. వీరేష్ చెయ్యి పూజపీట వైపు పోలేదు. టేబుల్ కింద ఉన్న అట్టపెట్టె సీలు చింపి, కొత్త కేబుల్ ఇంకొకటి తీశాడు.

పీట మీదిది ఉందిగా అని స్టెఫాన్ అడగలేదు. అడిగింది బయ్యన్న. పూజలో పెట్టినదాన్ని రేపు ఉద్వాసన చెప్పేదాకా కదిలించకూడదు గదన్నా అన్నాడు వీరేష్. అవునవునని లెంపలేసుకున్నాడు బయ్యన్న.

కుళ్లాయప్ప గోడ వదిలేశాడు. ఛీ! బుద్ధి తెలిసినప్పటి నుంచి చూస్తున్న ఆచారం. పూజలో కొడవలి పెడితే ఆ రోజు మేకలకు ఆకు కూడా కోయరు, చేత్తో తుంచుతారు. ఢిల్లీవాడు మరిచిపోయాడంటే వాడి ఖర్మ. ఈ మట్టిలో పుట్టిన తనెట్లా మరిచిపోయాడు? స్టెఫాన్‌కు తెలుసు. అందుకే పెట్టెలో రెండోది పెట్టాడు. దొంగనాకొడుకు మనకంటే బాగా నేర్చుకున్నాడు.

జాలీ కింద సరళ వాల్వు పక్కన నిలబడి గేజ్ మీద కళ్లు పెట్టింది. అరుద్దామా? పాత సామాన్లవాడు కేబుల్లో బాంబుందని అరిస్తే మెడపట్టి బయటికి తోసి పని కానిస్తారు. తోసుకుపోయి లాక్కుందామా? మధ్యలో ఆరుగురు గన్‌మెన్. జేబులో జామర్ చల్లగా చచ్చిపడి ఉంది. వీరేష్ కేబుల్ మూతికున్న ప్లాస్టిక్ తొడుగు తీశాడు. బయ్యన్న చేతులు జోడించాడు.

పక్కన వాచ్‌మన్ రామప్ప హారతి అయిందన్న తీరుబాటుతో ముక్కుపొడి డబ్బీ తెరిచాడు. కుళ్లాయప్ప కళ్లు డబ్బీ మీద పడ్డాయి. అడగలేదు, మొహమాటపడలేదు. నాలుగువేళ్లకూ వచ్చినంత తీసి రెండు ముక్కుల్లోకీ ఎక్కించాడు.

కేబుల్ మూతి పోర్ట్‌కు ఆనింది. "హాఛ్!"

హాలు హాలంతా కొయ్యబారింది. వీరేష్ చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఒంటి తుమ్ము! శుభమా అని పని మొదలుపెడుతుంటే ఒంటి తుమ్మా! అందరూ తిరిగి చూశారు. ఏం తుమ్మురా ఇది అన్నాడు బయ్యన్న నీరసంగా, కేబుల్ కింద పెట్టమని సైగ చేస్తూ.

అప్పుడు స్టెఫాన్ ముందుకొచ్చాడు. తడబాటు లేదు, చిరునవ్వు. ముఖం తిప్పుకుని తనూ ఒకటి తుమ్మాడు. "రెండు తుమ్ములు మంచిదే గదా బయ్యన్న గారూ? ఇంక మొదలుపెట్టండి," అన్నాడు చక్కటి తెలుగులో.

జనంలో గుసగుస. రెండైతే దోషం లేదు, నిజమే. వీరేష్ మళ్లీ కేబుల్ అందుకున్నాడు. గోడ గడియారంలో పెద్దముల్లు పన్నెండుకు దగ్గరపడింది.  కాపాడింది మారెక్క. హారతి పళ్లెం దించకుండానే తీర్పు చెప్పేసింది.

"తుమ్మినోడే తుమ్మల్ల. ఒకరి తుమ్ముకు ఇంకొకరి తుమ్ము జత అయితాదా యాడన్నా?"

ఆ మాటకు తిరుగులేదు. అందరి చూపూ కుళ్లాయప్ప మీదికి మళ్లింది. ఇంకొక్కటి తుమ్మప్పా అన్నాడు వీరేష్. తుమ్ము నాయనా, ముహూర్తం దాటిపోతాంది అన్నాడు బయ్యన్న. రైతులు, పోలీసులు, ఊడలు దిగని నలుగురు ఏజెంట్లు, అందరిదీ అదే బతిమాలాట. ముక్కులో ముక్కుపొడి మంట పెడుతోంది. రెండో తుమ్ము నుదుటి దాకా వచ్చి కూర్చుంది. కుళ్లాయప్ప నాలుకను అంగిటికి అదిమి, గుప్పెళ్లు బిగించి ఆపాడు. కళ్లవెంట నీళ్లు ధారలుగా కారాయి.

జాలీ కిందనుంచి సరళ తలెత్తి చూసింది. "అన్నా, ఒక్కసారి తుమ్మన్నా. ఇన్నేండ్లకు నాకొక మంచిరోజు వచ్చినాది. నీకు దండం పెడతా."

పదకొండు మిషన్లలో ఏ దెబ్బా అంత నొప్పి పుట్టించలేదు. నా తల్లీ, ఆ తుమ్ము తుమ్మితే నువ్వు ఉండవే అని అరవాలనిపించింది. తల అడ్డంగా ఊపాడు. సరళ ముఖం తిప్పేసుకుంది.

స్టెఫాన్ ఇంక ఆగలేదు. రామప్ప చేతిలోని డబ్బీ లాక్కుని వచ్చి, సాయం చేస్తున్నవాడిలా నవ్వుతూ కుళ్లాయప్ప మెడ వెనక చెయ్యి వేసి, డబ్బీని ముక్కు కింద పెట్టాడు. ఘాటు భగ్గుమంది. ఛాతీ పొంగింది. నోరు తెరుచుకుంది. "హా..." అన్నాడు కుళ్లాయప్ప. హాలంతా ఆశగా ముందుకు వంగింది.

ఫెళ్లుమని చెంప మీద పడింది.

కొట్టింది లహరి. తుమ్ము ఎటు పోయిందో పోయింది. "ముహూర్తం చెడగొట్టి ఇప్పుడు తుమ్ముతావా? ఏం మనిషివప్పా నువ్వు?" అని గట్టిగా అరిచింది. ఆ అరుపు హాలుకు. ఆమె కళ్లు మాత్రం స్టెఫాన్ మీద ఉన్నాయి. ఆమె ఎవరికి ఎక్కువ పని చేస్తుందో కుళ్లాయప్పకు, స్టెఫాన్‌కు ఒకేసారి తెలిసింది.

గడియారం పన్నెండు కొట్టింది. మారెక్క పళ్లెం దించేసింది. రాహుకాలం వచ్చేసె, ఈ పొద్దుకు ఇంక లేదు అన్నాడు బయ్యన్న. వీరేష్ పాత ప్యానెల్ దగ్గరికి నడిచి, తొమ్మిది పిన్నుల కేబుల్ మళ్లీ తగిలించడానికి స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నాడు.

స్టెఫాన్ నవ్వు ఊడిపోయింది. ఒక్క గెంతులో టేబుల్ చేరి కేబుల్ పట్టుకుని పోర్ట్‌కు గురిపెట్టాడు. మూతి అంచు రంధ్రంలోకి దిగబోయింది. రాహుకాలంలో మొదలుపెడతావంట్రా అని బయ్యన్న కేక వేశాడు. ఆ కేకకు గన్‌మెన్, రైతులు, మారెక్క అందరూ ఒకేసారి మీద పడ్డారు. దేశభద్రత కోసం వాళ్లు కాలు కదిపేవాళ్లో కాదో గానీ, రాహుకాలం కోసం స్టెఫాన్‌ను నేల కరిపించేశారు. కేబుల్ జారి లహరి కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని, దారిలో కుళ్లాయప్ప చేతిలో పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని బయటికి పోయింది.

రెండు కేబుళ్లూ ఆ సాయంత్రమే నరసింహులు టేబుల్ మీదికి చేరాయి. ప్రతాప్ చెప్పిన చిప్ రెండిటిలోనూ ఉంది. పట్టుబడ్డ స్టెఫాన్ నోరు విప్పాడు, లారీ దొరికింది, స్టేషన్లో ప్రమాదాన్ని హత్యగా మార్చారు. గొల్లలమిట్టలో కొత్త కన్సోల్ దీపావళి దాటాక, మంచి కేబుల్‌తో, ఎవరినీ పిలవకుండా తలుపులు వేసుకుని బిగించారు.

ఆ రోజు పంప్‌హౌస్‌లో మాత్రం సన్మానం జరగలేదు. సరళ మెట్లెక్కి గుంతలోంచి పైకి వచ్చింది. బతికి, రెండు కాళ్లమీద నడిచి వచ్చింది. కుళ్లాయప్ప ఆ నడక చూస్తూ నిలబడిపోయాడు. కళ్లు ఇంకా కారుతున్నాయి. ముక్కుపొడి ఘాటని అందరూ అనుకున్నారు.

"నువ్వు నాకు అన్నవు గాదు, శనివి," అంది సరళ పక్కనుంచి పోతూ. అతను తలూపాడు.

తర్వాత వచ్చిన వేసవంతా గొల్లలమిట్ట కింది ఊళ్లకు నీళ్లు ఒక్కరోజు ఆగలేదు. ఆ ఊళ్లలో పెండ్లిళ్లు జరిగాయి, గృహప్రవేశాలు జరిగాయి, బోర్లకు కొబ్బరికాయలు కొట్టారు. కుళ్లాయప్పను మాత్రం ఒక్కరూ పిలవలేదు.